ఎడమవైపు చూపు

పదిహేడో కదలిక దగ్గర
మా కతా ఒక్క క్షణం ఆగుతుంది.
కుడి పిడికిలి నడుము పక్కన,
ఎడమ అరచెయ్యి గాలిలో తెరిచి,
తల మాత్రం ఎడమకి తిరుగుతుంది.
దెబ్బ లేదు, అడ్డు లేదు.
ఊరికే చూడటం.

పగలు నహాలో టాక్సీ తోలతాను.
రాత్రి ఎనిమిదింటికి జుకెరన్ మేస్త్రి చెక్కల కొట్టు వెనక
చెప్పులు విడిచి నిలబడతాను.
రంపపుపొట్టు వాసన, దోమలబత్తి పొగ,
నెత్తిమీద సైనిక విమానం.
అది పోయేదాకా ఆగి, మళ్ళీ మొదటినుంచి.
మొత్తం ఆరుగురం.
నాకు యాభై రెండు, అందరిలోకి నేనే కుర్రాణ్ణి.

దీనికి పేరు లేదు.
ఉండేదట. ఓడతాళ్ళు లాగిన చేతులతో
ఫుజౌ రేవునుంచి ఎవరో మోసుకొచ్చినప్పుడు
చీనా పలుకుబడిలో ఏదో అనేవారట.
ఉప్పుగాలి గొళ్ళేన్ని తిన్నట్టు
మావాళ్ళ నాలుక దాన్ని తినేసింది.
కతా మిగిలింది, దాని కతే జారిపోయింది.

తర్వాత బడిపిల్లలకి నేర్పే రోజులొచ్చాయి,
వరసలు, విజిల్, ఒకటి రెండు మూడు.
వేళ్ళతో పొడిచేచోట పిడికిలి పెట్టారు.
"చీనా చెయ్యి" అన్న మాటలో
చీనాని చెరిపి "ఖాళీ" అని రాశారు.
పలకడం మాత్రం అదే.
తేడా చెవికి తెలీదు, కాగితానికే తెలుసు.

మాది ఆ బళ్ళ గుమ్మం ఎక్కలేదు.
ఒక్క మనిషి ఒంట్లో ఉండిపోయింది,
కాకాజు షింటోకు, బెల్లంగానుగ మనిషి.
తాబేటివీపు సమాధి ముందు,
లోపల పెద్దల ఎముకలు వింటూ ఉండగా
రాత్రుళ్ళు చేసేవాడు.
నలభై ఐదులో, ఎడతెగని ఆ జూన్ వానలో,
ఆయనా ముగ్గురు శిష్యులూ
దక్షిణానికి నడిచారు. అంతే.
నాలుగోవాడు మా మేస్త్రి తండ్రి.
సగమే నేర్చినవాడు.
తక్కిన సగం ఎక్కణ్ణుంచి వచ్చిందో
మేమెవరం అడగలేదు.

మొన్న ఒసాకానుంచి కెమెరాతో ఒకాయన వచ్చాడు.
పదిహేడో కదలిక చుట్టూ మూడుసార్లు తిరిగాడు.
"ఎడమవైపు రెండో శత్రువు" అన్నాడు మియాగుసుకు.
"చంద్రుడు" అన్నాడు తోమోరి,
"చీకటి పోట్లాటలో వెలుగెటుందో చూసుకోవద్దూ?"
"పోలీసండీ, దొంగచాటు చదువు కదా అప్పట్లో."
మేస్త్రి రంపానికి ఆకురాయి పెడుతున్నాడు.
పలకలేదు.

టీ తెచ్చిన వాళ్ళమ్మ నవ్వింది.
కమదు. తొంభై రెండేళ్ళు. కాకాజు కూతురు.
అరటినార ముళ్ళు వేసి వేసి వంకరపోయిన వేళ్ళు
పళ్ళెం అంచుమీద ఆగాయి.

"శత్రువూ కాదు, చంద్రుడూ కాదు. నేను.
ఆడపిల్ల చూడకూడదనేవారు.
ఫుకుగి చెట్టు చాటున నక్కేదాన్ని, ఆ ఎడమపక్క.
ఒక రాత్రి తుమ్మొచ్చింది.
నాన్న చెయ్యి గాలిలోనే ఆగింది.
తల తిప్పి చూశాడు. తిట్టలేదు.
మర్నాటినుంచి రోజూ అక్కడ ఆగేవాడు,
వచ్చానో లేదో చూసుకోడానికి.
ఆ తర్వాతి భాగం నెమ్మదిగా చేసేవాడు.
ఎందుకో నాకు చాలా ఏళ్ళకిగానీ అర్థం కాలేదు."

కొడుకువైపు తిరిగింది.
"పెళ్ళయ్యాక పొయ్యి దగ్గర మీ నాన్నకి నేర్పింది ఎవరనుకున్నావు?
అన్నం రెండుసార్లు మాడింది."

ఆకురాయి చప్పుడు ఆగిపోయింది.
ఒసాకా ఆయన కలం ఎత్తాడు, మర్యాదగానే.
"అయితే ఇది అసలు దాంట్లో లేదన్నమాట.
తీసేసి రాసుకోనా?"

"అసలుదా?" అంది ముసలామె కప్పులు సర్దుతూ.
"ఫుజౌలో మాత్రం
ఎవరి కూతురో తుమ్మలేదని ఏం నమ్మకం?"

ఈ రాత్రి మళ్ళీ పదిహేడు.
తల తిప్పుతాను.
కొట్టు గోడ, కూల్‌డ్రింకుల మిషన్ వెలుగు,
దానికి తల కొట్టుకునే ఒక రెక్కలపురుగు.
ఇంకెవరూ లేరు.
అయినా కాస్త ఆగి,
పద్దెనిమిదోది
నెమ్మదిగా మొదలుపెడతాను.